జబ్బకు కట్టే బీపీ మిషన్: మెదడు చేసే పనిని ఇది ఎంతవరకు చూపిస్తుంది?

జబ్బకు పట్టీ చుట్టి మీట నొక్కితే తనంతట తానే గాలి నింపుకుని రక్తపోటు చూపే డిజిటల్ బీపీ మిషన్‌ను శ్రీకాకుళంలో డే అండ్ నైట్ కూడలికి దగ్గరలోని ఒక సర్జికల్ దుకాణంలో కొని, మా ఇంట్లో చాలాకాలంగా వాడుతున్నాము. తీర్పు ముందే చెప్పేస్తాను. కొలత నమ్మదగినది, పాత కొలతలను దాచి ఉంచే ఏర్పాటు చాలా మంచిది, పెట్టెలో వచ్చే పట్టీ మాత్రం అందరి చేతులకూ సరిపోయేది కాదు. కంపెనీ పేరు రాయడం లేదు, ఎందుకంటే ఈ ధరలో దొరికే రకాలన్నీ లోపల దాదాపు ఒకే పద్ధతిలో పనిచేస్తాయి, నేను చెప్పబోయే మంచీ చెడూ వాటిలో చాలావాటికి ఎంతో కొంత వర్తిస్తాయి.

ఇలాంటి యంత్రాల గురించి రాసేవారు తెర ఎంత పెద్దదో, బ్యాటరీలు ఎన్నాళ్లు వస్తాయో చెప్పి ఊరుకుంటారు. ఇంటర్మీడియట్ విద్యార్థులకు జంతుశాస్త్రం చెప్పేవాణ్ణి కాబట్టి నేను వేరే కొలబద్ద పెట్టుకున్నాను. రక్తపోటు కనిపించేది చేతి దగ్గరే అయినా, దాన్ని క్షణక్షణమూ సరిదిద్దేది మెదడు అడుగుభాగంలోని మజ్జాముఖం. అక్కడి నాడీకణాల మీదున్న గ్రాహకాలకు ఏ రసాయనం అంటుకుంటే ఆ మేరకు అంకె పెరుగుతుంది, తగ్గుతుంది. కంచిలి వైపు నుంచి వచ్చి మా ఇంట్లో ఉంటున్న మా పెద్దమ్మకు మూత్రపిండాల జబ్బు ఉంది. ఆమె వేసుకునే బీపీ మాత్రల్లో ఒకటి నేరుగా ఆ గ్రాహకాల మీదే పనిచేస్తుంది. అందుచేత ఈ యంత్రం మెదడు చేసే పని జాడలను పట్టి చూపగలదా లేదా అన్నదే నాకు ముఖ్యమైన ప్రశ్న అయింది.

కొలిచే పద్ధతి గురించి కొంచెం చెప్పాలి. పట్టీ బిగిసి జబ్బలోని ధమనిని నొక్కుతుంది. ఆ బిగువు పెరిగేటప్పుడో సడలేటప్పుడో, నాడి కొట్టుకున్న ప్రతిసారీ పట్టీలోని గాలిలో పుట్టే చిన్న అదురును యంత్రం పట్టుకుంటుంది. అదురు అన్నిటికంటే పెద్దదిగా ఉన్నప్పటి ఒత్తిడి సగటు రక్తపోటుకు దగ్గరగా ఉంటుంది. పై అంకె, కింది అంకె నేరుగా కొలిచినవి కావు, దాని ఆధారంగా కంపెనీ తన సొంత సూత్రంతో లెక్కగట్టినవి. డాక్టరు స్టెతస్కోపుతో వినేది 1905లో రష్యా వైద్యుడు కొరొట్కొవ్ వివరించిన శబ్దాలను కాబట్టి, రెండు పద్ధతుల్లో అంకెలు కొద్దిగా తేడా పడటం సహజం. శిక్షణ పొందిన మనుషుల కొలతకూ యంత్రం కొలతకూ మధ్య సగటు తేడా 5 మిల్లీమీటర్లు (పాదరసం లెక్కలో) మించరాదని అంతర్జాతీయ ప్రమాణం చెబుతుంది. మా డాక్టరు గదిలో పక్కపక్కనే చూసినప్పుడు మా మిషన్ ఆ హద్దులోనే ఉంది.

మెడలోని కరోటిడ్ ధమని చీలే చోట, గుండె నుంచి వెలువడే మహాధమని వంపులో సాగుదలను గుర్తించే నాడీకొనలు ఉంటాయి. రక్తపోటు పెరిగి గోడ సాగినప్పుడు అవి 9వ, 10వ కపాల నాడుల ద్వారా మజ్జాముఖంలోని న్యూక్లియస్ ట్రాక్టస్ సాలిటేరియస్ అనే కేంద్రానికి వార్త పంపుతాయి. అక్కడ గ్లూటమేట్ గ్రాహకాలు ఉత్తేజితమై, ఆ సంకేతం ఒక మధ్య మజిలీ దాటి, చివరకు గాబా అనే రసాయనం రూపంలో రోస్ట్రల్ వెంట్రోలేటరల్ మెడుల్లా అనే చోటును అణచివేస్తుంది. రక్తనాళాలను బిగించమనీ, గుండెను గట్టిగా కొట్టుకోమనీ సహానుభూత (సింపథెటిక్) నాడులకు ఎడతెగకుండా ఆజ్ఞలిచ్చేది ఆ చోటే. అది అణగగానే నాళాలు సడలుతాయి. అదే సమయంలో వేగస్ నాడి గుండె వేగాన్ని ఒకటి రెండు స్పందనల లోపే తగ్గించడం మొదలుపెడుతుంది. మంచం మీద నుంచి లేచి నిలబడినప్పుడు మనం తల తిరిగి పడిపోకుండా ఉండటానికి కారణం ఈ వలయమే.

అయితే ఈ వలయానికి పైన పెత్తనం చేసేవి ఉన్నాయి. భయం, కోపం, తెల్లకోటు చూసినప్పటి బెదురు మెదడులో పైనున్న హైపోథాలమస్, అమిగ్డలా అనే భాగాల నుంచి దిగివచ్చి ఈ కేంద్రాల పనితీరును కొంతసేపు మార్చేస్తాయి. ఆసుపత్రిలో వరుసలో కూర్చుని, పేరు పిలిచేదాకా ఎదురుచూసి, లోపలికి వెళ్లగానే పట్టీ కట్టించుకున్న మా పెద్దమ్మకు 172/94 చూపిన రోజున, ఇంటికి వచ్చి భోజనం చేసి నిదానించాక 150 దాటలేదు. అందుకే ఆసుపత్రిలో 140/90ని అధిక రక్తపోటుకు గీతగా పెట్టుకున్న వైద్యులు, ఇంట్లో కొలతకు 135/85నే గీతగా పెట్టుకుంటారు. ఇంట్లో కూడా మొదటి కొలత ఎక్కువ రావడం మామూలే, పట్టీ బిగుసుకోవడమే ఒక బెదురు. మా మిషన్‌లో ఒక మీటను కాసేపు నొక్కి పట్టుకుంటే అది నిమిషం వ్యవధితో మూడుసార్లు కొలిచి సగటు చూపుతుంది. ఈ సదుపాయాన్ని పెట్టె మీద ఎక్కడా గొప్పగా రాయలేదు. నా దృష్టిలో మాత్రం యంత్రంలో ఇదే అన్నిటికంటే విలువైనది, ఎందుకంటే బెదురు దిగాక మిగిలే అంకె ఇందులోనే దొరుకుతుంది. మూడింటినీ విడివిడిగా కూడా చూడవచ్చు. 161, 152, 149 అని దిగుతూ వచ్చే వరుసను చూస్తే నాడులు నెమ్మదించడం కళ్లకు కట్టినట్టు తెలుస్తుంది.

ఇప్పుడు మాత్ర సంగతి. పెద్దమ్మ వేసుకునేది క్లోనిడిన్, మన మందుల దుకాణాల్లో ఎక్కువగా ఆర్కమిన్ అనే పేరుతో అడుగుతారు. 1960ల తొలినాళ్లలో జర్మనీలోని బోరింగర్ ఇంగెల్‌హైమ్ కంపెనీ దీన్ని జలుబుకు ముక్కులో వేసే చుక్కలుగా తయారుచేయబోయింది. ముక్కులోని రక్తనాళాలను బిగించి ముక్కుదిబ్బడ తగ్గిస్తుందని వారి ఆశ. జలుబు చేసిన ఒక కార్యాలయ ఉద్యోగినికి వేసి చూస్తే ఆమె ఒళ్లు తెలియకుండా నిద్రపోయింది, నాడి నెమ్మదించింది, రక్తపోటు పడిపోయింది. నాళాలను బిగించాల్సిన మందు రక్తపోటును తగ్గించడం అప్పట్లో పెద్ద చిక్కుముడి. మందు మెదడులోకి చేరి ఆల్ఫా-2 అడ్రినర్జిక్ గ్రాహకాలకు అంటుకుంటుందనీ, దాంతో సహానుభూత నాడులకు వెళ్లే ఆజ్ఞలు తగ్గుతాయనీ తరువాత తేలింది. ఆ గ్రాహకాల్లో మూడు ఉపరకాలు ఉన్నాయి. 1996లో వెలువడిన ప్రయోగాల్లో, ఆల్ఫా-2ఏ అనే ఉపరకం పనిచేయకుండా జన్యువు మార్చిన ఎలుకలకు ఈ తరహా మందు ఇస్తే రక్తపోటు తగ్గలేదు. ఆల్ఫా-2బీ లేని ఎలుకల్లో మందు ఎక్కించిన తొలి క్షణాల్లో కనిపించే పెరుగుదల కనిపించలేదు. అంటే ఒకే మందు బయట నాళాలను బిగించడానికీ, లోపల మెదడు ద్వారా సడలించడానికీ వేరువేరు గ్రాహకాలను వాడుకుంటోంది. తరగతిలో గ్రాహకం అనే మాటను బట్టీ పట్టించడం కంటే ఈ ఉదాహరణ చెప్పడం ఎంతో మేలని నా అనుభవం.

అదే ఆల్ఫా-2 గ్రాహకాలు నిద్రమెలకువలను నడిపే చోట, లాలాజలాన్ని నియంత్రించే చోట కూడా ఉన్నాయి. “నోరు పిడచకట్టుకుపోతంది బాబూ, మజ్జిగ తాగినా అంతే” అని పెద్దమ్మ అంటుంటే, పగలు కూర్చున్నచోటే కునుకు తీస్తుంటే, అది వయసు మీద పడటం కాదనీ మాత్ర ప్రభావమనీ డాక్టరు చెప్పాకే మాకు అర్థమైంది. మోతాదు ఎప్పుడెప్పుడు వేయాలో ఆయన మార్చారు. ఆ మార్పు పనిచేసిందా లేదా అని చూడటానికి ఉదయం, రాత్రి కొలతలు అడిగారు. మిషన్ పాత కొలతలను తేదీ, గంటతో సహా దాచుకుంటుంది కాబట్టి కాగితం మీద రాసుకునే పని లేకుండా దాన్నే సంచిలో పెట్టుకుని వెళ్లాము. ఆయన మీట నొక్కుతూ ఒక్కొక్కటే వెనక్కి చూసుకున్నారు. రాసి తెచ్చే రోగులు బాగున్న అంకెలే రాసుకొస్తారనీ, యంత్రం అలా దాచిపెట్టదనీ ఆయన నవ్వుతూ అన్న మాట నిజమే అనిపించింది.

క్లోనిడిన్‌తో అసలు ప్రమాదం దాన్ని ఉన్నట్టుండి ఆపడంలో ఉంది. సహానుభూత నాడుల జోరును మందు రోజుల తరబడి అణచి ఉంచుతుంది, శరీరం ఆ స్థితికి అలవాటు పడుతుంది. మందు రక్తంలో నుంచి పోగానే కాలువకు వేసిన షట్టరు ఒక్కసారిగా ఎత్తినట్టు ఆ జోరంతా బయటికి దూకి, మందు మొదలుపెట్టకముందు ఉన్నదానికంటే పైకి రక్తపోటు ఎగబాకవచ్చు. గుండెదడ, చెమటలు, తలనొప్పి, చేతుల వణుకు దానితోపాటు వస్తాయి. మూత్రపిండాలు బాగున్నవారిలో ఈ మందు సగం వెళ్లిపోవడానికి సుమారు 12 నుంచి 16 గంటలు పడుతుంది. అవి దెబ్బతిన్నవారిలో ఆ వ్యవధి ఇంకా చాలా పెరుగుతుంది కాబట్టి ఇలా రక్తపోటు ఎగబాకే ఈ తిరుగుబాటు కూడా ఆలస్యంగా మొదలవుతుంది.

ఇది మాకు పుస్తకంలో మాటగా మిగలలేదు. మేము నెలనెలా మందులు కొనే దుకాణంలో ఒకసారి ఈ మాత్ర నిండుకుంది. “రేపు మధ్యాహ్నం బండికి వచ్చేస్తాది మాస్టారూ” అన్నారే గాని, ఇది మధ్యలో ఆపకూడని మాత్ర అనీ, వేరే దుకాణంలో చూసుకోమనీ ఒక్క మాట చెప్పలేదు. మరునాడు బండీ రాలేదు. మాత్ర తప్పిన రోజు కొలతలు మామూలుగానే, 150 దగ్గరే ఉన్నాయి. మరునాడు సాయంత్రం 168, రాత్రి భోజనాల వేళకు 188/104, నాడి 108. పెద్దమ్మ గుండె కొట్టుకోవడం చెవుల్లో వినిపిస్తోందని అంది. డాక్టరుకు ఫోన్ చేస్తే ఆయన మొదట అడిగింది అంకెలనూ, అవి పెరిగిన సమయాలనూ. పాలకొండ రోడ్డులోని వేరొక దుకాణంలో మాత్ర దొరికింది, ఆయన చెప్పినట్టే వేసి, ఆయన చెప్పిన వ్యవధిలో మళ్లీ మళ్లీ కొలిచాము, తెల్లవారేసరికి దిగింది. ఆ రాత్రి వరుస ఇప్పటికీ యంత్రం జ్ఞాపకంలో ఉంది. మెదడులోని ఒక గ్రాహకం మీద నుంచి మందు తొలగిపోవడం ఎలా ఉంటుందో ఆ గడియారపు గుర్తులు, అంకెలు కలిపి చూపినంత స్పష్టంగా నాకు మరేదీ చూపలేదు. క్లోనిడిన్‌తోపాటు గుండె వేగాన్ని తగ్గించే బీటా బ్లాకర్ మాత్ర కూడా వాడేవారిలో ఈ తిరుగుబాటు మరింత తీవ్రంగా ఉండవచ్చు కాబట్టి, రెండూ మాన్పించవలసి వస్తే బీటా బ్లాకర్‌ను ముందు తగ్గించి, తరువాతే క్లోనిడిన్‌ను మెల్లమెల్లగా తగ్గిస్తారు. ఇది ఇంట్లో తేల్చుకునే వ్యవహారం కాదు, డాక్టరు చేతి మీదుగానే జరగాలి.

ఇదే తోవలో పనిచేసే మరో పాత మందు మిథైల్‌డోపా. శరీరంలో మార్పు చెంది అవే ఆల్ఫా-2 గ్రాహకాలకు అంటుకుంటుంది, గర్భిణుల రక్తపోటుకు ఇప్పటికీ ఇస్తారు. గర్భిణుల కోసం మిషన్ కొనేవారు ఆ దశలో పరీక్షించి నిర్ధారించిన రకమేనా అని అడిగి తీసుకోవాలి, ఎందుకంటే మామూలువారిలో సరిగ్గా చూపే యంత్రాలు కొన్ని గర్భిణుల్లో, ముఖ్యంగా ప్రీ-ఎక్లాంప్సియా (గర్భంతో వచ్చే ప్రమాదకరమైన అధిక రక్తపోటు జబ్బు) ఉన్నప్పుడు, తక్కువ చూపుతాయి. మా మిషన్ పుస్తకంలో దాని ఊసే లేదు.

పెద్దమ్మ ఊరున్నది మూత్రపిండాల జబ్బుకు పేరుపడ్డ ఉద్దానం ప్రాంతంలో. అక్కడి నుంచి వచ్చిన మనిషి ఇంట్లో ఉన్నప్పుడు మూత్రపిండాల మాట ఎత్తకుండా బీపీ మాట పూర్తికాదు. దెబ్బతిన్న మూత్రపిండాల నుంచి మెదడుకు వెళ్లే నాడులు సహానుభూత కేంద్రాలను నిరంతరం రెచ్చగొడుతుంటాయి. 1992లో అమెరికాలో డయాలసిస్ రోగుల కాలి నాడుల్లో సంకేతాలను కొలిచి చూస్తే, సొంత మూత్రపిండాలు లోపలే ఉన్నవారిలో అవి ఆరోగ్యవంతుల కంటే రెండున్నర రెట్లు ఎక్కువగా ఉన్నాయి, రెండు మూత్రపిండాలూ తీసేసినవారిలో దాదాపు మామూలుగా ఉన్నాయి. మూత్రపిండాల నుంచి విడుదలయ్యే రెనిన్ అనే ఎంజైము వల్ల తయారయ్యే యాంజియోటెన్సిన్-2 అనే హార్మోను మరో దారి పడుతుంది. మెదడులో చాలాచోట్ల రక్తానికీ నాడీకణాలకూ మధ్య గట్టి అడ్డుగోడ ఉంటుంది కాని, సబ్‌ఫార్నికల్ ఆర్గన్ వంటి కొన్ని చిన్న భాగాలకు అది లేదు. యాంజియోటెన్సిన్ అక్కడి ఏటీ1 గ్రాహకాలకు అంటుకుని దాహం పుట్టిస్తుంది, ఒంట్లో నీటిని నిలిపే హార్మోను వాసోప్రెసిన్‌ను విడుదల చేయిస్తుంది, సహానుభూత నాడులను ఎగదోస్తుంది. లోసార్టన్, టెల్మిసార్టన్ వంటి మాత్రలు అడ్డుపడేది ఈ ఏటీ1 గ్రాహకాలకే, అయితే అవి ముఖ్యంగా రక్తనాళాల్లో, మూత్రపిండాల్లో పనిచేస్తాయి. మూత్రపిండాల నాడులను ధమని లోపలి నుంచి కాల్చివేసే చికిత్సకు 2023 నవంబరులో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి ఇచ్చింది. మా జిల్లా రోగికి ప్రస్తుతం అది చదివి తెలుసుకునే వార్త మాత్రమే.

ఇక్కడ ఈ మిషన్ పరిధి ఎంతో స్పష్టంగా చెప్పాలి. ఉద్దానంలో కనిపించే మూత్రపిండాల జబ్బులో తొలిదశల్లో రక్తపోటు మామూలుగానే ఉండవచ్చు, మూత్రంలో ప్రొటీన్ కూడా పెద్దగా పోకపోవచ్చు. కవిటి, సోంపేట, కంచిలి ఊళ్లలో “బీపీ లేదు కదా, ఇంకేం” అని ధైర్యంగా ఉన్నవారికి ఈ యంత్రం తప్పుడు భరోసా ఇవ్వగలదు. అక్కడివారికి ముందు కావలసింది మూత్రపిండాల పనితీరు తెలిపే క్రియాటినిన్ రక్తపరీక్ష. 2023 డిసెంబరులో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి పలాసలోనే మొదలైంది కాబట్టి, మిషన్ కొనే ముందు ఆ పరీక్ష చేయించుకోవడం మేలు. డయాలసిస్ కోసం ధమనినీ సిరనూ కలిపి కుట్టిన (ఫిస్టులా వేసిన) చేతికి ఏ బీపీ పట్టీ కట్టకూడదన్న ముఖ్యమైన హెచ్చరికను కంపెనీ వారు పుస్తకంలో ఎక్కడో చీమతలకాయంత అక్షరాల్లో, అదీ ఇంగ్లీషులో వేశారు. తెలుగు పేజీ ఒక్కటి కూడా లేదు. ఆంధ్రాలో అమ్మే వస్తువుకు ఈ నిర్లక్ష్యం క్షమించరానిది.

పట్టీ మీద నా ఫిర్యాదు వివరంగా చెబుతాను. పెట్టెలో వచ్చేది జబ్బ చుట్టుకొలత 22 నుంచి 32 సెంటీమీటర్లు ఉన్నవారికి. మా పెద్దమ్మ చేతికి కుదిరింది. మా బావగారి జబ్బ 36 ఉంటుంది, ఆయనకు అదే పట్టీని లాగి కడితే మడత జారిపోతూ ఒకసారి 158, ఒకసారి 149 చూపింది. దుకాణంలో పెద్ద పట్టీ అరువిచ్చి చూడమంటే 138 వచ్చింది. చిన్న పట్టీ ఉన్నదానికంటే ఎక్కువ చూపుతుందన్నది పాత సంగతే, కాని ఆ తేడాతో లేని బీపీకి మాత్ర మొదలుపెట్టే పరిస్థితి వస్తుంది. గొట్టం కూడా బిరుసు, చలికాలంలో పట్టీని పక్కకు తిప్పేస్తుంది. గుండె లయ తప్పినప్పుడు తెర మీద ఒక గుర్తు వస్తుంది. దాన్ని రోగనిర్ధారణగా తీసుకోకూడదు గాని డాక్టరుకు చెప్పాలి, ఎందుకంటే లయ తప్పిన గుండెలో కొలత కూడా అంత నమ్మదగినది కాదు. గొంతుతో చదివి చెప్పే ఏర్పాటులో తెలుగు లేదు, మేము దాన్ని మూసేశాము.

కొలిచే తీరు మీద కొంత శ్రద్ధ పెట్టకపోతే ఎంత మంచి మిషనైనా దండగే. మంచం అంచున కాళ్లు వేలాడేసుకుని, చెయ్యి ఒడిలో పెట్టుకుని కొలిస్తే చెయ్యి గుండె కంటే కిందికి ఉంటుంది. 10 సెంటీమీటర్లు కిందికి ఉంటే 7, 8 మిల్లీమీటర్లు ఎక్కువ చూపుతుంది. కుర్చీలో వీపు ఆనించి, పాదాలు నేల మీద ఆన్చి, బల్ల మీద దిండు వేసి దాని మీద చెయ్యి పెట్టాలి. కాఫీ, టీ, చుట్ట మానేసి అరగంట గడవాలి, మూత్రవిసర్జన చేసి రావాలి, అయిదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చోవాలి. మా ఇంట్లో అన్నిటికంటే కష్టమైనది ఆ చివరిదే. పెద్దమ్మను చూడటానికి ఊరి నుంచి ఎవరో ఒకరు వస్తూనే ఉంటారు, వచ్చినవాళ్లు పలకరించకుండా ఉండరు.

నిలబడినప్పటి కొలతను చాలామంది పట్టించుకోరు. వయసుతో మెడలోని ధమని గోడలు బిరుసెక్కి, సాగుదల తెలిపే నాడీకొనల పని మందగిస్తుంది. బీపీ మాత్రలు ఆ పైన చేరతాయి. లేచి నిలబడ్డాక మూడు నిమిషాల లోపు పై అంకె 20 గాని, కింది అంకె 10 గాని పడిపోతే డాక్టరుకు చెప్పాలి, తెల్లవారుజామున స్నానాల గదికి వెళ్లేటప్పుడు పడిపోయే ముసలివాళ్లలో కొందరి కథ ఇదే. జబ్బ పట్టీ మిషన్‌తో ఇది తేలికగా చూడవచ్చు, చేతిని గుండె ఎత్తులో మరొకరు పట్టుకుంటే చాలు. మణికట్టుకు కట్టే రకం మిషన్లతో చేతిని సరైన ఎత్తులో పట్టి ఉంచడమే పెద్ద సమస్య. చౌక అని వాటివైపు వెళ్లవద్దనే నా సలహా.

ధర మాకు రెండు వేల రూపాయల లోపే పడింది. బ్యాటరీలతోపాటు కరెంటుకు పెట్టే అడాప్టరు విడిగా కొనుక్కోవాలి. బ్యాటరీలు తీసినప్పుడు గడియారం సున్నాకు వెళ్లిపోతుంది, మళ్లీ తేదీ పెట్టకపోతే పైన చెప్పిన జ్ఞాపకం విలువంతా పోతుంది. ఏడాదికోసారి డాక్టరు గదికి తీసుకెళ్లి ఆయన కొలతతో సరిచూసుకోవాలి. దుకాణంవారు మర్యాదగా ఉన్నారు, టేపు తెచ్చి జబ్బ కొలిచి చూపించారు. పెద్ద పట్టీ విడిగా ఆరేడు వందలు పడుతుంది, అందరి దగ్గరా ఉండదు. 32 సెంటీమీటర్లు దాటిన చెయ్యి ఇంట్లో ఎవరికైనా ఉంటే పెట్టె విప్పకముందే అడగండి, విప్పాక మార్చి ఇవ్వరు.